పరదేశములు చూచి వచ్చెడి మన పిల్లలు

గత మాసమున మన సంఘము కార్యవర్గము ముందుకు ఒక అర్జీ వచ్చినది. మన వీధి నేతగాని కుమారుడొకడు, సాంఘిక సేవ చదువుచున్నవాడు, కెన్యా దేశములో గ్రామాభివృద్ధి పథకముల వద్ద రెండు నెలలు ఇంటర్న్‌గా ఉండి వచ్చుటకు విమానఖర్చులో సగము సంఘనిధి నుండి ఇప్పించవలెనని కోరినాడు. వాదము గట్టిగానే జరిగినది. "ఫీజు కట్టలేక చదువు మానిన పిల్లలు మన సందుల్లోనే ఉండగా, పరాయి ఊళ్లు చూచి వచ్చుటకు మన చందా డబ్బా?" అని పెద్దలొకరు అడిగినారు. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. అయినను ఇవ్వవలెననియే మా అభిప్రాయము, ఒక షరతుపై. ఆ షరతు ఎందుకో తెలియుటకు 2019 నాటి సంగతి ఒకటి చెప్పవలసియున్నది.

ఆ యేడు మా షోలాపూరు అమ్మాయి ఒకతె బంగ్లాదేశ్ వెళ్లి గ్రామీణ బాంకులో నెలరోజులు ఇంటర్న్‌గా ఉండి వచ్చినది. ఆమె తాత మగ్గము నేసినవాడు, తల్లి బీడీలు చుట్టి ఆమెను చదివించినది. ఆ బాంకు చాలా కాలముగా పలు దేశముల విద్యార్థులను రానిచ్చి, ఢాకాలో పద్ధతి బోధించి, దుబాసీనిచ్చి పల్లెలకు పంపుచు వచ్చినది. తిరిగి వచ్చిన అమ్మాయి మా సంఘ భవనములో తాను చూచినది చెప్పగా మేమందరము శ్రద్ధగా విన్నాము.

ఆమె చెప్పిన కథలో మొదటిది మనవారి హృదయములకు సూటిగా తగిలినది. 1976లో చిట్టగాంగు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము చెప్పుచుండిన మహమ్మద్ యూనుస్ గారు పక్కనున్న జోబ్రా గ్రామములో వెదురు పీటలు అల్లు స్త్రీని కలిసినారు. వెదురునకు 5 టాకాలు వ్యాపారి వద్ద అప్పు తెచ్చి, అల్లిన పీటను ఆ వ్యాపారికే అమ్మవలెను. దినమంతా అల్లితే ఆమెకు మిగులునది అర టాకా. ఊరిలో అట్టి వారు 42 మంది ఉన్నారు. వారందరి అప్పు కలిపి 856 టాకాలే అయినది. ఆయన తన జేబు నుండి ఆ సొమ్మిచ్చినారు. అదే పెరిగి 1983లో బాంకు అయినది. 2006లో ఆయనకును బాంకునకును నోబెల్ శాంతి బహుమానము వచ్చినది. సరకిచ్చిన వానికే వస్త్రమప్పగించి కూలి పుచ్చుకొను మనకు ఈ పీటల లెక్క ఒకరు విప్పి చెప్పనక్కరలేదు.

తరువాత ఆమె కేంద్రముల సమావేశములను వర్ణించినది. అయిదుగురు స్త్రీలు ఒక జట్టు, కొన్ని జట్లు ఒక కేంద్రము. వారమునకొకసారి వరుసగా కూర్చుండి అందరి ఎదుట కిస్తీలు చెల్లింతురు. ఒక పల్లెలో అప్పు తీసికొని మగ్గము కొన్న స్త్రీ తన చీరను చూపి నవ్వినదట. మేము చప్పట్లు కొట్టినాము.

అప్పుడు వెనుక వరుసలో కూర్చున్న ముసలాయన ఒకరు లేచినారు. చిన్నతనమున చేతిమగ్గముపై చీరలు నేసి, పిమ్మట మరమగ్గముల షెడ్డులో ముప్పది యేండ్లు చద్దర్లు నేసిన చేయి అది.

"అమ్మా, మగ్గము అప్పుతో వచ్చింది, బాగుంది. నూలెవరిస్తారు?"

అమ్మాయి పుస్తకము తిరగవేసినది. "అడగలేదు తాతా. అక్కడ ముప్పావుగంటే ఉన్నాం. మేము బయలుదేరేటప్పుడు మహాజన్ వచ్చాడని రాసుకున్నాను. ఊరి పెద్ద కాబోలు, ఆమె లేచి నిలబడింది."

"మహాజన్ అంటే వాళ్లకు ఊరి పెద్ద కాదమ్మా. మన షావుకారే."

సభలో ఎవరును నవ్వలేదు. మన భాషలో మహాజనులన్న మాటకు ఎంత గౌరవమున్నదో, ఆ దేశపు నేతగాని నోట దానికి అంత బరువున్నది. మగ్గము ఆమెదే, నూలును నమూనాయును ధరయును అతనివి. అట్లయిన, జోబ్రాలో విప్పిన ముడి ఈ పల్లెలో మరల పడినట్లే కదా? ఈ ప్రశ్న అడుగుటకు బి.ఏ. అక్కరలేదు, మగ్గముగుంటలో కాళ్లు పెట్టి ఉండవలెను.

ఆ బాంకు వారికి ఈ సంగతి తెలియదనుట అన్యాయము. నేతగాండ్రకు అప్పుకన్న బేరము ముఖ్యమని గ్రహించియే గ్రామీణ ఉద్యోగ్ అను సంస్థను పెట్టి, చేతిమగ్గముల గళ్ల గుడ్డను గ్రామీణ్ చెక్ పేరుతో అమ్మించినారు. అంతకు ముందు ఆ దేశపు దుస్తుల కార్ఖానాలు మన దేశము నుండి మద్రాసు గళ్ల గుడ్డను తెప్పించుకొనెడివి. ఆ గళ్లు నేసిన చేతులలో తెలుగువారి చేతులెన్నో ఉన్నవి. చీరాల ప్రాంతపు నేతగాండ్రు మద్రాసు రుమాళ్లను పశ్చిమాఫ్రికాకు పంపినవారే. మన బేరము పోయినదని ఏడ్వవలెనా, సాటి నేతగానికి కూడు దొరికినదని సంతోషింపవలెనా, మాకు ఇప్పటికిని తేలలేదు. అమ్మాయి పాఠములలో ఈ గళ్ల గుడ్డ ప్రస్తావనయే రాలేదట.

ఇంకొక మాట. చూచి వచ్చిన పద్ధతిని సగము మాత్రమే తెచ్చిన ఏమగునో ఆంధ్రదేశము అనుభవించినది. వారపు కిస్తీ, జట్టు పూచీ అను పైరూపము వచ్చినది. బీదవాని బేరమును చూచు బాధ్యత రాలేదు. ఒకే ఇంటికి ముగ్గురు నలుగురు అప్పులిచ్చి, వసూళ్లకు వాకిట కూర్చుండిరి. ఆత్మహత్యల వార్తలు వచ్చిన పిమ్మట 2010 అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసి వచ్చినది. మన సందుల్లో వారపు వసూలు దినమున ఏ తలుపు ఎందుకు మూసియుండునో చదువరులకు మేము చెప్పనేల?

ఆ అమ్మాయిని మేము తప్పుపట్టుట లేదు. ఆనాటి సభ తరువాత ఆమె చేసిన పని చూచియే మేమీ వ్యాసము వ్రాయుచున్నాము. నాలుగు నెలలు ప్రతి ఆదివారము మన సందులో ఇల్లిల్లు తిరిగి, నూలు ఎక్కడిది, కూలి ఎంత, అప్పులెన్ని అని వ్రాసికొన్నది. ఆ పుస్తకము సంఘ కార్యాలయములో ఉన్నది. మేము యేండ్ల తరబడి ఎరిగిన ఇండ్లలో మేమెరుగని అప్పులు అందులో కనబడినవి. పరాయి పల్లె చూడకపోయిన ఆమెకు మన సందును అట్లు చూడవలెనని తోచెడిదా? తోచెడిది కాదు. అందుకే సొమ్మిమ్మనుచున్నాము.

మా షరతు ఇది. వెళ్లెడివారు ముందు ఒక నెల మన మగ్గముల వద్ద గడుపవలెను. సరకు ఎవరిది, ధర ఎవరు కట్టుదురు, కిస్తీ తప్పినవారి గతి ఏమి అను ప్రశ్నలు మూటలో కట్టుకొని పోవలెను. తిరిగి వచ్చి ఫోటోలు చూపుటకు భవనము అక్కరలేదు, షెడ్డులో భోజనపు వేళ చెప్పిన చాలును. అక్కడనే అడుగువారుందురు.

కార్యవర్గము వచ్చే సమావేశమున తేల్చును. ఈలోగా అర్జీ పెట్టిన అబ్బాయికి మేము కబురంపినాము. ఆ ముసలాయన సోమవారము నుండి రమ్మన్నారు. పొద్దున ఆరింటికి.