మాటా మంతీ: మెత్తని గొంతుల తగవు

ఈ నెల మేము తీసుకున్న తగవు ఆస్తి తగవు కాదు, పాటగాళ్ళ తగవు. బెంగుళూరు దండు ప్రాంతంలోనూ, ముంబయిలోనూ తరతరాలుగా కాపురమున్న మన కుటుంబాలలో ఇంగ్లీషు పాటల పిచ్చివారు కొందరున్నారు. వారిలో పెద్దలు "ఫ్రాంక్ సినాట్రాతోనే పాట సరి" అంటారు. పిల్లలు "మైఖేల్ బూబ్లే పాడింది ఒక్కసారి విని, ఆపైన చెప్పండి" అంటారు. పెద్దలు వినరు, పిల్లలు విడువరు. ఇద్దరూ మనవారే గనుక, ఎవరి పక్షమున ఎంత న్యాయమున్నదో కొంచెం తరచి చూద్దామని మా ప్రయత్నం.

ముందు మాటలు తేల్చుకుందాం. "క్రూనర్" అంటే గొంతు చించుకోకుండా, పక్కనున్న మనిషితో చెప్పుకున్నట్లు మెల్లగా పాడేవాడు. "స్టాండర్డ్" అంటే ఏదో నాటకానికో సినిమాకో పుట్టి, ఆ నాటకం మరుగున పడ్డా తాను పడక, పదిమంది గాయకుల నోట నిలిచిపోయిన పాట. ఈ రెండింటినీ కలిపినది మైకు. 1925 కు ముందు గ్రామఫోను రికార్డు ఇవ్వాలంటే గాయకుడు పెద్ద బూరాలోనికి బిగ్గరగా పాడవలసిందే. ఆ సంవత్సరం అమెరికాలో మైకు పెట్టి, కరెంటుతో రికార్డు చేయడం మొదలైంది. దానితో చిన్న శారీరానికి కూడా చోటు దొరికింది. నిట్టూర్పు సైతం రికార్డు మీదికి ఎక్కింది. బింగ్ క్రాస్బీ వంటివారు ఆ సౌకర్యాన్ని విద్యగా మార్చుకున్నారు.

అప్పటి పెద్దలు దీనికి సంతోషించారా? లేదు. 1932 లో బోస్టను నగరపు కార్డినల్ ఓకానెల్ గారు ఈ మెత్తని పాటలు నీచమైనవని బాహాటంగా నిందించారు. 1944 అక్టోబరులో న్యూయార్కు పారమౌంట్ థియేటరు వద్ద సినాట్రా పాట కోసం ఆడపిల్లలు వేలకు వేలు వీధుల్లో మూగితే, లోకం ఏమైపోతున్నదోనని ఆనాటి తలిదండ్రులు తలలు పట్టుకున్నారు. నేడు మనం "క్లాసిక్" అని తలకెత్తుకునే గొంతు ఒకనాడు పెద్దల చేత చీవాట్లు తిన్న గొంతే. తగవులాడే పెద్దలు ఈ సంగతి జ్ఞాపకం వుంచుకుంటే సగం వేడి చల్లారుతుంది.

ఇక అసలు విషయం. గొంతుతో గొంతును కాక, ఒకే పాటను పట్టుకుని వెళ్ళి చూద్దాం. కోల్ పోర్టర్ 1936 లో "బార్న్ టు డాన్స్" అనే సినిమా కోసం "ఐవ్ గాట్ యూ అండర్ మై స్కిన్" అనే పాట వ్రాశాడు. సాహిత్యమూ, వరుసా రెండూ ఆయనవే. ఆ చిత్రంలో దానిని పాడినది వర్జీనియా బ్రూస్ అనే నటి. ఇరవై సంవత్సరాలు గడిచాక, 1956 లో, సినాట్రా దానిని తన లాంగ్ ప్లే రికార్డుకు పాడాడు. వాద్యాల కూర్పు నెల్సన్ రిడిల్‌ది. మెల్లగా మొదలై, మెట్టు మెట్టుగా పెరిగి, నడుమ ట్రాంబోన్ వాద్యం విరుచుకుపడి, మళ్ళీ గొంతు వచ్చి అందుకునే ఆ అమరిక వింటే కుర్చీలో కదలకుండా కూర్చోవడం కష్టం.

అంటే ఏమైంది? సినాట్రా పాడినది కూడా పాత పాటే. మరొకరి కోసం వ్రాసినదే. "ఈ కాలపు వాళ్ళు పాత పాటలు తిరగపాడి పేరు తెచ్చుకుంటున్నారు" అనే అభియోగం నిలిచేటట్లయితే అది ముందు సినాట్రా మీదనే నిలుస్తుంది. తిరగపాడకపోతే స్టాండర్డు అనేదే లేదు. ఆఫీసులో మేము నకళ్ళు తీయడం చేతనే పాత కాగితంలోని సంగతి బ్రతికివుంటుంది. ఐతే నకలు తీసే గుమాస్తా ఒక అక్షరం చేర్చినా తప్పు. పాటగాడు ఏమీ చేర్చకపోతే తప్పు. అదే తేడా.

సినాట్రా చేర్చినదేమిటి? ఊపిరి. 1940 నుండి 1942 వరకు ఆయన టామీ డార్సీ మేళంలో పాడాడు. డార్సీ ట్రాంబోన్ వాయించేవాడు. దమ్ము తెగినట్లు వినిపించకుండా పొడుగాటి వాక్యాన్ని వాయించే ఆ తీరును గమనించి, తాను గొంతుతో అభ్యసించానని సినాట్రాయే చెప్పుకున్నాడు. ఆ పైన దెబ్బలు కూడా తిన్నాడు. 1952 నాటికి పాత రికార్డు కంపెనీ వదులుకున్నది. మరుసటి సంవత్సరం వేరొక కంపెనీలో చేరి, రిడిల్ వంటి సహచరుడు దొరికాక గాని నిలదొక్కుకోలేదు. పెద్దలు మెచ్చే గొంతు ఆ దెబ్బలు తిన్న తరువాతి గొంతు. ఇది పెద్దల పక్షమున గట్టి సాక్ష్యం.

పిల్లల పక్షం కూడా విందాం. బూబ్లే 1975 లో కెనడా దేశంలో పుట్టాడు. పాత పాటల రుచి చూపినది తాతగారు. ఆయన కుళాయిలు, గొట్టాలు బాగుచేసే పనివాడు. మనవడికి వేదిక మీద పాడే అవకాశం ఇస్తే వాద్యగాళ్ళ ఇళ్ళలో పని ఉచితంగా చేసిపెట్టేవాడట. ఆ మనవడు 2005 లో పై పాటనే పాడాడు. శ్రుతి శుద్ధం, ఉచ్చారణ స్పష్టం, ఉత్సాహానికి కొదువ లేదు. మాకు కనిపించిన లోటు ఒకటే. బాధ వుండవలసిన చోట కూడా ఆ గొంతు నవ్వుతూనే వుంటుంది. ఐనా అదే సంపుటంలో "హోమ్" అనే పాటలో, తానూ ఒక చేయి వేసి కట్టిన ఆ పాటలో, ఇంటిమీద బెంగ నిజంగానే పలికింది. సొంతమాట చెప్పుకున్నచోట సొంతగొంతు వచ్చిందన్నమాట.

కొత్త సౌకర్యాలన్నీ ఈ కాలపు వాళ్ళ పాపమని పెద్దలు అనడానికి వీలులేదు. 1993 లో సినాట్రా ఇదే పాటను ఐర్లండు గాయకుడు బోనోతో జంటగా ఇచ్చాడు గాని, ఇద్దరూ ఒకచోట నిలబడి పాడలేదు. ఎవరి పాలు వారు విడిగా పాడగా యంత్రం కలిపింది. మెషీను ముందు నిలబడినది పాతగొంతే.

మరొక సంగతి పిల్లలు తెలుసుకోవలసినది వున్నది. నాట్ కింగ్ కోల్ పాట పట్టుబట్ట జారినట్లుంటుంది. ఆ హాయి చూసి జీవితం కూడా హాయే అనుకోరాదు. ఆయన నల్లజాతివాడు. 1956 ఏప్రిలులో తాను పుట్టిన అలబామా రాష్ట్రంలోనే, బర్మింగ్‌హామ్ నగరంలో పాడుతూ వుండగా తెల్లజాతి దుండగులు వేదికమీదికి ఎగబడి పడద్రోశారు. ఆ సంవత్సరమే మొదలైన ఆయన టెలివిజన్ కార్యక్రమానికి దేశవ్యాప్తంగా ప్రకటనలిచ్చే పెద్ద కంపెనీ ఒక్కటీ ముందుకు రాలేదు. 1957 లో దానిని ఆయన ముగించవలసి వచ్చింది. ఇంత జరిగినా ఆ గొంతులో చేదు లేదు. అటువంటి మెత్తదనం వెనుక ఎంత నిబ్బరమున్నదో తెలిసి వింటే ఆ పాట మరొక విధంగా వినిపిస్తుంది.

ఈ తగవు తీర్చగల పెద్దమనిషి ఎవరంటే మేము టోనీ బెనెట్ పేరు చెబుతాం. 1926 లో పుట్టి 2023 లో కన్నుమూసిన ఈయన, సినాట్రా తరంతో కలిసి పాడినవాడు. తనకంటె అరవై ఏళ్ళు చిన్నదైన లేడీ గాగాతో 2014 లో ఒక సంపుటం, 2021 లో మరొకటి ఇచ్చాడు. రెండవదంతా కోల్ పోర్టర్ పాటలే, మన పాట అందులోనూ వున్నది. అప్పటికి ఆయనకు మతిమరపు జబ్బు ముదిరింది. ఐనా 2021 ఆగస్టులో, తొంభై అయిదవ పుట్టినరోజు సందర్భాన న్యూయార్కు వేదిక ఎక్కి పాడాడు. చాలా సంగతులు మరచిన మనిషి పాటలు మరవలేదు. చిన్నవారిని తీసిపారవేయక పక్కన నిలబెట్టుకున్నాడు. నేర్పవలసినది ఆ విధంగానే నేర్పాడని మా అభిప్రాయం.

కొత్తవారు కూడా తిరగపాడడంతోనే ఆగడంలేదు. 1999 లో పుట్టిన ఐస్‌లాండు అమ్మాయి లౌవే ఆ పాత పద్ధతిలో తానే కొత్త పాటలు కట్టి, 2023 లో ఇచ్చిన సంపుటానికి మరుసటి సంవత్సరం గ్రామీ బహుమతి పొందింది. విత్తనం మిగిలేవుంది.

ఇంగ్లీషు పాటలతో మాకేం పని అనే పాఠకులకు ఒక్కమాట. ఆ మైకే మన సినిమాలలో ఏ. ఎం. రాజా, పి. బి. శ్రీనివాస్ గార్ల మృదువైన శారీరాలను ఇంటింటికీ చేర్చింది. ఇద్దరూ తెలుగువారే అయివుండి, తమిళంలోనూ కన్నడంలోనూ ఆయా భాషలవారికి సొంతమైపోయారు. మనవలె పొరుగు రాష్ట్రాలలో స్థిరపడినవారికి వారికంటె ఆదర్శమేమున్నది? నేడు మన పిల్లలలో చాలామంది బడిలో తెలుగు చదవడంలేదు. వారి చెవిన పడే తెలుగులో అధికభాగం పాటే. "మీ పాటలూ పాటలేనా" అని మనం విదిలిస్తే వాళ్ళు చెవులకు తీగలు తగిలించుకుని తమ గదిలోనికి పోతారు. ఆ పోవడంలో ఘంటసాల గారు కూడా పోతారు.

కనుక మా సలహా ఇది. ఒక ఆదివారం సాయంత్రం ఒకే పాటను ఇద్దరి గొంతున వరుసగా వినండి. ముందు పిల్లల గాయకుణ్ణి పెట్టనివ్వండి. పాట పూర్తయ్యేదాకా మాట్లాడకండి. తరువాత మీ రికార్డు పెట్టి, ఎక్కడ ఊపిరి తీశాడో, ఏ మాటను ఎలా మోశాడో చూపండి. ఎవరు గొప్ప అన్నది ఆ సాయంత్రం తేలకపోవచ్చు. తేలకపోయినా నష్టంలేదు. ఆ పాట మాత్రం ఇంకొక తరానికి చేరుతుంది.