ఆయుష్షు లెక్క చూసి చికిత్స ఆపొద్దు

నాలుగో దశ రొమ్ము క్యాన్సర్‌లో ఎవరు ఎంతకాలం బతుకుతారో మామూలు రక్తకణాల పరీక్ష సీబీపీతోనే తెలిసిపోతుందన్న వార్తలు అసలు ప్రశ్నను వదిలేశాయి. తెలిశాక డాక్టరు చేయాల్సిందేమిటి?

సీబీపీలో కనిపించే రెండు రకాల తెల్లకణాల్లో, న్యూట్రోఫిల్స్‌ను లింఫోసైట్స్‌తో భాగిస్తే వచ్చే నిష్పత్తి ఎక్కువున్నవారు త్వరగా చనిపోతున్నారన్నది నిజమే. 2017లో 15 అధ్యయనాలను, 8,563 మంది రొమ్ము క్యాన్సర్ రోగులను కలిపి చూసిన విశ్లేషణ కూడా అదే తేల్చింది. అయితే ఎంత దాటితే ‘ఎక్కువ’ అన్నదానిపై పరిశోధకులకే ఏకాభిప్రాయం లేదు. పైగా కీమో మందు పాక్లిటాక్సెల్‌కు ముందు ఇచ్చే స్టెరాయిడ్ డెక్సామెథాసోన్ ఒక్కటి చాలు, ఆ నిష్పత్తి పెరిగిపోవడానికి. తెల్లకణాలు పెంచే ఇంజెక్షనైనా, మూత్రంలో ఇన్‌ఫెక్షనైనా అంతే. ఎల్‌డీహెచ్ అనే, జోస్యానికి వాడే మరో రక్త పరీక్ష విలువైతే ల్యాబ్ గొట్టంలో ఎర్రకణాలు పగిలినా పెరుగుతుంది.

ఈ చర్చలో ఎవరూ గుర్తుచేయని చరిత్ర ఒకటుంది. రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాలను లెక్కించే పరీక్ష చౌకైనది కాదు, కానీ జోస్యంలో చాలా గట్టిది. 7.5 మిల్లీలీటర్ల రక్తంలో ఐదు, అంతకుమించి కణాలుంటే ఆయుర్దాయం తక్కువని 2004లోనే తేలింది. కీమో మొదలెట్టిన మూడు వారాలకూ ఆ సంఖ్య తగ్గకపోతే వెంటనే మందు మార్చాలని ఎవరికైనా తోస్తుంది. అమెరికాలో ఎస్0500 ట్రయల్ దాన్నే పరీక్షించింది. సంఖ్య తగ్గని 123 మందిలో కొందరికి పాత కీమోనే కొనసాగించారు, మిగిలినవారికి మార్చారు. 2014లో ఫలితాలొచ్చాయి: పాత మందువారి మధ్యస్థ ఆయుర్దాయం 10.7 నెలలు, మార్చినవారిది 12.5. గణాంకాల ప్రకారం అది తేడాయే కాదు. జోస్యం నిజమైంది, రోగికి మేలు మాత్రం జరగలేదు. అంత గట్టి పరీక్షకే దక్కని అధికారాన్ని సీబీపీకి ఎలా కట్టబెడతాం?

చౌక పరీక్షల్లో నేను పట్టించుకునేది ఆల్బుమిన్‌ను. అది పడిపోతే లివర్ ఎలా ఉంది, ఆమె సరిగా తింటోందా, ఇన్‌ఫెక్షన్ ఏమైనా ఉందా అని వెతకాలి. అలా వెతికితే సరిచేయగలిగింది దొరకవచ్చు. మందును ఎంచుకోవడానికి మాత్రం గడ్డ ముక్కలో చూసే ఈఆర్, పీఆర్, హెర్2 ఫలితాలే ప్రధాన ఆధారం. వ్యాధి తిరగబెట్టినప్పుడు కుదిరితే కొత్త గడ్డ ముక్క తీసి వాటిని మళ్లీ చూడాలి.

వైద్యం ఖర్చుకు అప్పు చేయాలా వద్దా అని కుటుంబం తేల్చుకోలేకపోతున్న వేళ ఈ సీబీపీ నిష్పత్తి వాళ్ల చేతికందితే తీర్పులా పనిచేస్తుంది. అది నాలుగు దాటిందని చెప్పి ‘ఇక లాభం లేదు, ఇంటికి తీసుకెళ్లండి’ అనడానికి ఏ అధ్యయనమూ ఏ డాక్టరుకూ అనుమతివ్వలేదు.