ఇంటి పద్దు ఇద్దరిదియు

గృహయజమాని అకస్మాత్తుగా పక్షవాతమునకో గుండెపోటునకో లోనైనపుడు ఆ సంసారముపై రెండు విపత్తులు ఒక్కమాటుగా వచ్చి పడుచున్నవి. మొదటిది వ్యాధి. దానికి వైద్యులు కలరు, ఔషధములు కలవు, తక్కినది దైవాధీనము. రెండవ విపత్తును గుఱించి మన సభలలో గాని, పెండ్లిపందిళ్ళలో గాని ఎవ్వరును నోరు విప్పుట లేదు. ఆ ఇంటి సొమ్ము ఎచ్చట నున్నదో, ఎవరినుండి ఎంత రావలసియున్నదో, ఎవరికెంత చెల్లింపవలసియున్నదో తెలిసిన ఒక్క మనుష్యుడును మాట పడిపోయి మంచముపై నుండుటయే ఆ రెండవ విపత్తు. ఇది లేమి వలన వచ్చిన చిక్కు కాదు. కలిగిన సంసారములే ఒక్క రాత్రిలో చేబదుళ్ళకు చేయి చాపుటను మేము చూచుచున్నాము. ఈ వారము ఆ విషయమునే పాఠకుల యెదుట పెట్టదలచితిమి.

మన కుటుంబములు బళ్ళారికి నిన్న మొన్న వచ్చినవి కావు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకును, బళ్ళారి తాలూకా మైసూరు రాష్ట్రమునకును చెందినపుడు సరిహద్దుగీత మన బంధువర్గముల నడుమ పోయినదే కాని మన అంగళ్ళు కదలలేదు. పత్తి, వేరుసెనగ, మిరప, దినుసులు, బట్టలు, ఏ వర్తకమైనను మన పెద్దలు నమ్మకముపైననే నడపిరి. సరకు నోటిమాటపై పోవును. రొక్కము వాయిదాపై వచ్చును. చిట్టాయు ఆవర్జాయు ఉన్నను, అసలు లెక్క అనేకుల విషయమున యజమాని తలలోనే యుండును. దీనిని మనము నేర్పు అని మెచ్చుకొందుము. ఆరోగ్యమున్నంతకాలము అది నేర్పే.

ఇట్టి గృహస్థు నొకనిని తలచుకొనుడు. ఏబదియైదేండ్ల వయస్సు. తెల్లవాఱుజామున నోరు వంకరపోయి కుడిచేయి పడిపోయినది. మెదడులో నెత్తురుగడ్డ అడ్డుపడుట వలన వచ్చిన పక్షవాతమైనచో, ఆ గడ్డను కరగించు మందును సామాన్యముగా నాలుగున్నర గంటలలోపల ఈయవలయునని వైద్యులు చెప్పుదురు. ఆ గంటలలో ఇల్లాలు చేయవలసినది 108కు ఫోను చేసి ఆసుపత్రికి బయలుదేరుట యొక్కటే. మన ఇండ్లలో జరుగుచున్నదో? బీరువా తాళముచెవి వెదకుట, తోడికోడలికి కబురంపుట, పొరుగువారిని పదివేలు సర్దుమని అడుగుట. ముందు సొమ్ము కట్టనిదే లోనికి రానీయరను భయమే ఇందులకు కారణము. అత్యవసరస్థితిలో వచ్చిన రోగిని ఏ వైద్యుడును నిరాకరింపరాదని సుప్రీముకోర్టు 1989లోనే పరమానంద కటారా వ్యాజ్యెమున తీర్పు చెప్పియున్నది. ఈ సంగతి మన స్త్రీలకు చెప్పినవారు లేరు.

రెండవనాడు దుకాణము గుర్తుకు వచ్చును. లారీ వచ్చి నిలిచియుండును. బాడుగ ఈయవలెను, హమాలీల కూలి ఈయవలెను. బ్యాంకు ఖాతా భర్త పేరనే యున్నది. ఆయన ఫోనునకు తాళము. ఆ అంకెలు ఆయనకే తెలియును. ఓ.టి.పి.లు వచ్చి పోవుచుండును. అప్పిచ్చినవారు పరామర్శకు వచ్చి, కాఫీ త్రాగి, లేచునపుడు మెల్లగా తమ మాట కదపుదురు. అప్పు తీసికొన్నవారు పరామర్శకే రారు. సరకు అమ్మిన సొమ్మునకు 1963 నాటి కాలపరిమితి చట్టము మూడేండ్లే గడువిచ్చినది. ఆ గడువులోపల బాకీదారు వ్రాతమూలముగా ఒప్పుకొని సంతకము చేసినచో గడువు మరల మొదలగును. వ్రాతయే లేనిచోట, రోగికి మాట తిరిగి వచ్చునాటికి ఎన్ని బాకీలు గడువు దాటిపోవునో వర్తకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

“నామినేషను వ్రాసియుంచితిమి గదా” అని మా మిత్రులు పలువురు ధైర్యముగా నందురు. నామినీకి హక్కు వచ్చునది ఖాతాదారు మరణించిన పిదపనే. 2025 నవంబరు 1 నుండి బ్యాంకుఖాతాకు నలుగురి పేర్లు వ్రాసికొనవచ్చునని చట్టము వీలు కల్పించినది, మంచిదే. కాని ఖాతాదారు జీవించి స్పృహ లేక పడియున్నపుడు ఆ నలుగురును కలిసి పోయినను ఒక్క రూపాయి తీయజాలరు. ముక్తియారునామా మాట అందురా, 1872 నాటి కాంట్రాక్టు చట్టము ననుసరించి, ఇచ్చినవానికి మతి తప్పినచో ఆ అధికారము అంతటితో ముగిసిపోవును. రోగికి స్పృహ యుండి సంతకము మాత్రము చేయలేనిచో వ్రేలిముద్రనో, అదియు కానిచో కాలివ్రేలి ముద్రనో, ఇద్దరు సాక్షుల యెదుట తీసికొని సొమ్మీయవచ్చునని రిజర్వుబ్యాంకు సూచించియున్నది. ఆ సాక్షులలో ఒకరు బ్యాంకు ఉద్యోగియై యుండవలెను. స్పృహయే లేనిచో సంరక్షకత్వము కొఱకు హైకోర్టుకు పోవలసివచ్చును. బళ్ళారివారికి అది ధారవాడలో నున్నది. ఆసుపత్రి ఇచ్చట, న్యాయస్థానము అచ్చట. ఇల్లాలు ఎన్నిచోట్ల నుండగలదు?

ఈ తిప్పలలో సగమునకు పైగా ఒక్క కాగితముతో తప్పును. ఇంటిఖర్చుల ఖాతాను దంపతులిద్దరి పేరను, ఇద్దరిలో ఎవరైనను తీసికొనవచ్చు నను షరతుతో మార్పించుకొనుట. డిపాజిట్ల విషయమున గడువునకు ముందు తీయుటకు ఇద్దరి సంతకములును అడుగు వాడుక కలదు కనుక, ఒక్కరి సంతకము చాలునని మొదటనే వ్రాయించుకొనవలెను. దుకాణపు ఖాతా యజమాని పేరనే యుండనిండు. మూడు నెలల ఇంటిఖర్చును, ఒక ఆసుపత్రి ఖర్చును ఆ ఉమ్మడిఖాతాలో ఎప్పుడును నిలిచియుండవలెను. భార్య పేర ఖాతా యనగానే ముఖము ముడుచు పెద్దమనుష్యులు మనలో నింకను కలరు. వారు అదే భార్యచేతికి బీరువా తాళములిచ్చి తీర్థయాత్రలకు పోవుచునే యున్నారు.

కాగితములకంటె కష్టమైన సంగతి యొకటి కలదు. అది భాష. ఎన్నో ఏండ్లుగా మన పిల్లలు కన్నడమునను ఇంగ్లీషునను చదువుచున్నారు. ఈ బజారు మనకు అన్నము పెట్టినది. దాని భాష నేర్చుట మనకు మేలే. దాని ఫలితముగా తండ్రి తెలుగున వ్రాసిన ఆవర్జాను కుమారుడు చదువలేకున్నాడు. బ్యాంకువారిచ్చు కన్నడ ఫారమును తల్లి చదువలేకున్నది. రెండు లిపులును అక్కచెల్లెండ్ర వంటివని మనము వేదికలపై చెప్పుకొందుము. నిజమే. కాని గొలుసుకట్టు దస్తూరియందు, ఆసుపత్రి వసారాలో కూర్చున్నపుడు, ఆ బాంధవ్యము అంతగా ఉపకరింపదు. తల్లి తెలుగు కూడబలుక్కొని చదువుచుండ కుమారుడు ఫోనులో ఎక్కించుకొనును. “ఆలూ. రా. రె. 40” అను పద్దువద్ద ఇద్దరును ఆగిపోవుదురు. ఆలూరులో రా. రె.లు ఎందఱో యుందురు. ఆ 40 వేలో, బస్తాలో, అది రావలసినదో ఈయవలసినదో, వ్రాసినవానికే యెఱుక.

2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి మన తుంగభద్ర ఆనకట్టకు జరిగినది పాఠకులు మఱచియుండరు. 33 గేట్లలో 19వ దాని గొలుసు తెగి గేటు కొట్టుకొనిపోయినది. నిండుకుండ వంటి జలాశయము. పోయిన గేటు స్థానమున దింపుటకు తలుపు సిద్ధముగా లేదు; అప్పటికప్పుడు చేయించి తెచ్చి, వారము దినములలో నీటికి అడ్డువేసిరి. అంతదనుక రైతుల నీరు నదిపాలైనది. ఆ నాళ్ళలో మన అంగళ్ళలో కూర్చున్న ప్రతివాడును ఇంజనీరులను తప్పుపట్టెను. రెండవ తలుపు లేకుండ ఇన్నాళ్ళెట్లున్నారని ప్రశ్నించెను. ఆ ప్రశ్న వేసినవారి ఇండ్లలో రెండవ తలుపు ఏదియో మేమడుగగోరుచున్నాము.

సొమ్ము చాలనపుడు మొదట కదలునది ఇల్లాలి బంగారము. ఇందు మేము ఆక్షేపించుట లేదు; వ్యాధికాలమున భర్త స్త్రీధనమును వాడుకొనవచ్చునని యాజ్ఞవల్క్యస్మృతి యనుమతించినది. అయితే అది తిరిగి ఈయనక్కఱలేదనియు ఆ స్మృతియే చెప్పినది. 2024 ఏప్రిలులో సుప్రీముకోర్టు, స్త్రీధనము పూర్తిగా భార్యదే యనియు, కష్టకాలమున భర్త వాడుకొనినను దానిని తిరిగి సమకూర్చు నైతికబాధ్యత అతనిపై నుండుననియు తీర్పు చెప్పినది. మాకు కోర్టువారి మాటయే న్యాయముగా తోచుచున్నది. గుండె చికిత్స జరిగి అంగడికి తిరిగి వచ్చిన పెద్దమనిషి మొదట మిల్లువారి బాకీ తీర్చును, పిదప షాహుకారుల బాకీ తీర్చును. ఇల్లాలి గాజులు మాత్రము కుదువలోనే వడ్డీ పెంచుకొనుచుండును. ఆమె అడుగదు గనుక. తాకట్టు తప్పనిసరియైనచో బ్యాంకులోనే పెట్టి, రసీదును ఆమెయొద్దనే యుంచవలెను.

ఇంతదనుక భర్త వ్యాధిని గుఱించియే వ్రాసితిమి. భార్య పడిపోయినచో ఇల్లు సవ్యముగా నడచునని ఎవరైన ననుకొన్నచో వారు వంటింటిలోనికి ఎన్నడును తొంగిచూడనివారే. పాలవాని లెక్క, కిరాణా చిల్లర, పనిమనిషికిచ్చిన ముందుజీతము, పిల్లల ఫీజు గడువు, అత్తగారి మాత్రలు, ఆడవారి నడుమ జరుగు చీటీపాట, ఇదియు ఒక ఆవర్జాయే. ఆదవాని నుండి రాయచూరు వఱకు పత్తిధర కంఠస్థముగా చెప్పగల వర్తకునికి తన యింట ఉప్పుజాడి ఎచ్చట నుండునో తెలియదు. చీటీలో ఆమె కట్టిన వాయిదాలు ఎన్ని, పాట ఎత్తినదా లేదా యనునది తెలియక మొత్తమునే వదలుకొను వారుందురు. కావున పద్దు చెప్పుట ఒకవైపు వ్యవహారము కారాదు.

వైద్యపు కార్డుల విషయము కూడ ముందే తేల్చుకొనవలసినది. కర్ణాటకలో 2018 నుండి నడచుచున్న ఆయుష్మాన్ భారత్ - ఆరోగ్య కర్ణాటక పథకము క్రింద బి.పి.ఎల్. రేషను కార్డు గల కుటుంబమునకు ఏడాదికి 5 లక్షల రూపాయల వఱకు చికిత్స లభించును. ఇతరులకు నిర్ణీత ధరలో నూటికి 30 వంతులు, ఏడాదికి లక్షన్నరకు మించకుండ ప్రభుత్వము భరించును. సాధారణముగా ప్రభుత్వ ఆసుపత్రి నుండి చీటీ తీసికొని పోవలెను. అత్యవసరమైనచో నేరుగా పథకములో చేరిన ఆసుపత్రికి పోవచ్చును. మనవారిలో అనేకులు, మన కీ పథకములు వర్తింపవని కార్డు తీసియే చూడరు. కొందఱు అల్లుడు కర్నూలులో నున్నాడని, చెల్లెలు అనంతపురములో నున్నదని రోగిని అచ్చటికి తరలింతురు. ఆంధ్రరాష్ట్రపు ఆరోగ్యశ్రీ 2007 నుండి, ఇప్పటి పేరు వేఱైనను, ఆ రాష్ట్రపు కార్డుదారుల కొఱకు ఏర్పడినది. మన కర్ణాటక కార్డు అచ్చట చెల్లునో లేదో బయలుదేరుటకు ముందే విచారింపవలెను. బంధుత్వమునకు సరిహద్దు లేకున్నను కార్డునకు కలదు. 2021 మే నెలలో ఆంధ్రము నుండి హైదరాబాదునకు పోవు రోగుల వాహనములనే తెలంగాణ సరిహద్దున నిలిపివేయగా ఆ రాష్ట్రపు హైకోర్టు కలుగజేసికొనవలసివచ్చినది. ఇరువైపులను తెలుగువారే.

సొంతముగా ఆరోగ్యబీమా తీసికొనువారికి 2025 సెప్టెంబరు 22 నుండి ఆ ప్రీమియముపై జి.ఎస్.టి. లేదు. పాలసీ తీసికొని దాని కాగితమును దుకాణపు గల్లాపెట్టెలో బిగించి తాళము వేయువారిని గుఱించి మేమేమి చెప్పగలము?

మా సూచన చిన్నది. ఇంటికొక నోటుపుస్తకము. అందు ఖాతాల సంఖ్యలు, డిపాజిట్లు, పాలసీలు, అద్దెలు, కుదువలు, రావలసినవి, ఈయవలసినవి పూర్తి పేర్లతో, ఊళ్ళతో, ఫోను సంఖ్యలతో వ్రాయవలెను. భార్య చదువగల లిపిలో ఒక ప్రతి, పిల్లలు చదువగల లిపిలో మఱొకటి. రహస్యసంఖ్యలను అందు వ్రాయరాదు. వాటిని నోటితో చెప్పుకొనుటయే మేలు. అమావాస్యనాడు దుకాణపు పూజ యైన పిదప అరగంట కూర్చుండి, ఆ నెల మార్పులను దంపతులిద్దరును సరిచూచుకొనవలెను. మొదటి నెల ఇద్దరికిని కొంత ఇబ్బందిగా నుండును. ఏ బాకీ దాచిపెట్టినది బయటపడునో యని భర్తకు, ఏ చీటీ బయటపడునో యని భార్యకు.

రాజ్యాంగము 350వ అధికరణము ననుసరించి, ఏ అధికారికైనను కష్టనివేదనమును రాష్ట్రమున వాడుకలో నున్న ఏ భాషయందైనను సమర్పించుకొను హక్కు మనకు కలదు. ఆ హక్కును మన సంఘము తగినచోట్ల నిలువబెట్టుకొనుచునే యుండును. కాని అర్ధరాత్రి ఆసుపత్రి కౌంటరువద్ద నిలిచిన ఇల్లాలికి అప్పుడు కావలసినది ఫారము చదివి నింపిపెట్టు మనుష్యుడు. కావున, పేటకు ఇద్దరు చొప్పున, కన్నడమును తెలుగును చదువవ్రాయనేర్చిన యువతీయువకుల పట్టిక యొకటి తయారుచేసి, వారి పేర్లు ప్రతి సభ్యుని ఇంటికి పంపవలయునని వచ్చు కార్యవర్గసమావేశమున ప్రతిపాదింపనున్నాము. రాత్రివేళ పిలిచినను రాగలవారే పేర్లిచ్చెదరుగాక. యువతుల పేర్లు ఎక్కువగా రావలెనని మా కోరిక. బ్యాంకు సంగతులు పరపురుషునితో చెప్పుకొనుటకు మన ఇండ్లలో పెద్దవారైన స్త్రీలు వెనుకాడుదురు. పేర్లను సంఘకార్యాలయమున వ్రాతమూలముగా ఈయవచ్చును, తెలుగున గాని, కన్నడమున గాని.