కంపెనీ ఇచ్చిన మాటకు గ్రామసభలో లెక్క చెప్పించుకుందాం!

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల అన్నలారా, అక్కలారా, రైతులారా, బాయి కార్మికులారా!

ఏ కంపెనీ బోర్డు చూసినా ఇప్పుడు 'పర్యావరణ హితం', 'సామాజిక బాధ్యత', 'నైతిక వ్యాపారం' అని రాసి ఉంటుంది. ఆ మాటలు మంచివే. వాటిని నిజంగా నిలబెట్టుకునే కంపెనీతో చేయి కలపడానికి మేం సిద్ధం. అయితే అందులో చాలా భాగం కంపెనీల దయ కాదు, చట్టం వాళ్ల మీద పెట్టిన బాధ్యత. ఊరికి ఒక బోరు వేయిస్తే మనం దండ వేస్తాం. బడికి బెంచీలు ఇస్తే ఫొటో దిగుతాం. ఎంత ఇవ్వాలి, ఎంత ఇచ్చారు, ఎక్కడ ఖర్చు పెట్టారు అని మాత్రం అడగం. ఈ కరపత్రం అది అడగమని చెప్పడానికే.

అడిగితే ఏమవుతుందో మన పత్తి చేలకు తెలుసు. 2002లో బీటీ పత్తి వచ్చినప్పుడు ఉమ్మడి వరంగల్ రైతులు కొన్ని రకాలు వేసి నిండా మునిగారు. పంట పోయిన రైతులు విత్తన కంపెనీని, ప్రభుత్వాన్ని నిలదీశారు. చివరికి 2005లో మెక్-12, మెక్-162, మెక్-184 అనే మూడు రకాలకు అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో కేంద్ర కమిటీ అనుమతి ఆపేసింది. 450 గ్రాముల బీటీ పత్తి ప్యాకెట్ అప్పట్లో 1850 రూపాయలు. అందులో సుమారు 1250 రూపాయలు 'టెక్నాలజీ రుసుము' పేరుతో కంపెనీకి పోయేవి. 2006లో రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్యాల కమిషన్‌లో కేసు వేసింది. ఆ ఏడాదే ప్యాకెట్ ధర 750కి దిగింది. కంపెనీ తన నీతి గుర్తొచ్చి ఆ ధర తగ్గించలేదు. రైతు గొంతు ప్రభుత్వాన్ని కదిలిస్తేనే తగ్గింది. జనగామలో, తొర్రూరులో ఈరోజు విత్తనాల దుకాణం ముందు నిలబడ్డ ప్రతి రైతుకూ ఆ పోరాటంలో వాటా ఉంది.

బయ్యారం, కొత్తగూడ, గంగారం ఆదివాసీ అన్నదమ్ములారా, మీకు ఇంకా బలమైన ఆయుధం ఉంది. విశాఖ మన్యంలోని బొర్రా ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన గనుల లీజులపై 'సమత' సంస్థ వేసిన కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా సరే గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వడం చెల్లదని చెప్పింది. తవ్వే సంస్థ తన నికర లాభంలో కనీసం 20 శాతం శాశ్వత నిధిగా పక్కన పెట్టి నీళ్లకు, బడులకు, దవాఖానాలకు, రోడ్లకు వాడాలని కూడా చెప్పింది. కంపెనీల చట్టంలో సామాజిక బాధ్యతకు లాభంలో 2 శాతం అనే మాట పుట్టడానికి పదహారేళ్ల ముందే మన కోర్టు మెట్ల మీద 20 శాతం మాట వచ్చింది! 2014 విభజన చట్టం 13వ షెడ్యూలులో అప్పటి ఖమ్మం జిల్లాకు ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యమో కాదో ఆరు నెలల్లో సెయిల్ పరిశీలించాలని రాశారు. ఫ్యాక్టరీ నేటికీ రాలేదు. అప్పుడు ఆ జిల్లాలో ఉన్న బయ్యారం మహబూబాబాద్ జిల్లాలో కలిసి కూడా ఏళ్లు గడిచాయి. రేపు ఎవరు ఖనిజం కోసం వచ్చినా, ఉద్యోగాల ఆశ ఎంత చూపినా, ముందు ఈ తీర్పు కాగితం వాళ్ల ముందు పెట్టండి.

భూపాలపల్లి సంగతి వేరు. అక్కడ బొగ్గు తవ్వేది సింగరేణి. అందులో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం. అంటే యజమానులం మనమే. 2024 దసరాకు సింగరేణి లాభాల్లో విస్తరణకు పక్కన పెట్టింది పోగా మిగిలినదాంట్లో 33 శాతం, 796 కోట్లు, కార్మికులకు పంచారు. పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా 90 వేల దాకా వచ్చింది. కాంట్రాక్టు కార్మికులకు చరిత్రలో మొదటిసారి తలా 5 వేలు ఇచ్చారు. ఇచ్చినందుకు సంతోషమే. కానీ అదే ఓపెన్‌కాస్ట్ గని (ఓసీ)లో, అదే దుమ్ములో, అదే షిఫ్టులో పనిచేసే మనిషికి లక్షా 90 వేలు ఎక్కడ, 5 వేలు ఎక్కడ? కోల్ ఇండియా హైపవర్ కమిటీ ఖరారు చేసిన వేతనాలు ఇవ్వాలని 2022 సెప్టెంబరులో కాంట్రాక్టు కార్మికులు సమ్మె చేశారు. నైతిక వ్యాపారం అనే మాటకు మొదటి పరీక్ష వాళ్ల జీతం చీటీయే. చెట్లు నాటడం ఆ తర్వాత.

బొగ్గు మీద మన ఊళ్లకు రావాల్సిన డబ్బు ఇంకోటి ఉంది. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. పాత లీజులున్న గనుల సంస్థ తాను కట్టే రాయల్టీలో 30 శాతానికి సమానమైన సొమ్ము అదనంగా ఈ నిధిలో వేయాలి. అందులో కనీసం 60 శాతం తాగునీరు, ఆరోగ్యం, చదువు, కాలుష్య నివారణ వంటి పనులకే వాడాలని 2015 నిబంధనలు చెప్పాయి. ఓసీ బ్లాస్టింగుకు గోడలు అదిరే ఊరికి, బావులు ఎండిన ఊరికి ఆ డబ్బు మొదట చేరాలి. మన పంచాయతీకి ఎంత చేరింది? కలెక్టరేట్‌లో అడిగితే తెలుస్తుంది. అడిగినవాళ్లు ఎందరు?

చెల్పూరులో జెన్‌కో నడిపే కాకతీయ థర్మల్ కేంద్రం 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లతో మనకు కరెంటు ఇస్తోంది. మన దేశపు బొగ్గులో 30 నుంచి 45 శాతం దాకా బూడిదే ఉంటుంది. ఆ బూడిదనంతా ఇటుకలకు, సిమెంటుకు, రోడ్లకు వాడాలని, వాడకుండా మిగిల్చిన ప్రతి టన్నుకు వెయ్యి రూపాయల జరిమానా వేయాలని 2021 డిసెంబరు 31న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. చెల్పూరు బూడిద ఎంత వాడారు, ఎంత మిగిలింది? ఈ ప్రశ్నకు టన్నుల్లో జవాబు రావాలి. 'అన్ని చర్యలూ తీసుకుంటున్నాం' అనే జవాబు మనకు వద్దు.

ఒక ఊరు ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం ఎలా ఉంటుందో చూడాలంటే జనగామ జిల్లా లింగాల ఘనపురం మండలం ఏనెబావికి పోండి. ఆ చిన్న పల్లె ఇరవై ఏళ్ల కిందటే ఊరంతా కలిసి రసాయన ఎరువులు, పురుగుమందులు మానేసింది. ఎవరైనా వెళ్లి పొలంలోకి దిగి చూసుకోవచ్చు. ఏ చట్టమూ బలవంతం చేయకుండా బక్క రైతులు అంత చేసి చూపించారు. చట్టం ఉండి, జీతగాళ్లుండి, వేల కోట్లుండి కంపెనీలు తమ లెక్కను మన ముందు పెట్టలేవా?

రండి, పని మొదలుపెడదాం. వచ్చే గ్రామసభలో తీర్మానం చేయండి. గని లేదా ఫ్యాక్టరీ ఉన్న ప్రతి ఊరూ దాని పర్యావరణ అనుమతి పత్రాన్ని పంచాయతీ నోటీసు బోర్డు మీద పెట్టించాలి. అనుమతి షరతుల అమలుపై కంపెనీలు ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి. అది రహస్యం కాదు, ప్రజల పత్రం. దాన్ని తెప్పించి తెలుగులో చదివి వినిపించాలి. అంతకు ముందు ఆర్థిక సంవత్సరంలో 5 కోట్లు, ఆపైన నికర లాభం ఉన్న ప్రతి కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలని, తాను పనిచేసే ప్రాంతానికే ముందు ప్రాధాన్యం ఇవ్వాలని కంపెనీల చట్టం 135వ సెక్షన్ చెబుతోంది. మన ప్రాంతంలో పెట్టిన ఖర్చు పనివారీగా అడగండి. కొత్త గనికి ప్రజాభిప్రాయ సేకరణ అంటే 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన రావాలి. ఆ రోజు కూలికి పోకుండా అందరం వెళ్లి మైకు అందుకుని మాట్లాడాలి. మన మాట మినిట్స్‌లో రాశారో లేదో అక్కడే చదివించుకోవాలి.

సింగరేణి, జెన్‌కో, కలెక్టరేట్ అన్నీ సమాచార హక్కు చట్టం కిందకు వస్తాయి. జిల్లా ఆఫీసుకు దరఖాస్తు రుసుము పది రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉంటే అదీ లేదు. గ్రామపంచాయతీలో అసలే లేదు. రాయడం రాని పెద్దల పక్కన డిగ్రీ చదివే పిల్లలు కూర్చోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయాలి. వచ్చిన ప్రతి జవాబును హోటల్ కాడ, బాయి గేటు కాడ, బడి గోడ మీద అందరికీ కనబడేలా అతికించండి. దాని జిరాక్స్ పక్క ఊరికీ పంపండి.

ఇట్లు,
మూడు జిల్లాల రైతులం, కార్మికులం, విద్యార్థులం
(చదివి మరొకరికి ఇవ్వగలరు)