తొలి ఓడ చిన్నదైతే మేలు
చెక్క ఓడ నమూనాల కిట్లు కొనేవాళ్లను పడగొట్టేది డబ్బా మీది బొమ్మే. అందుకే చెయ్యి తిరగనివాళ్లు కూడా ట్రఫాల్గర్ యుద్ధంలో 104 ఫిరంగులు మోసిన బ్రిటిష్ నౌక విక్టరీకే ఎగబడతారు. తాళ్లూ తెరచాపలూ చూసి భయపడతారు గానీ, అసలు పరీక్ష ఓడ ముక్కు దగ్గరే. నీళ్లలో నానబెట్టిన సన్నటి బద్దను అక్కడ వంచాలి. పైగా ఓడ నడుముకున్న చుట్టుకొలత ముక్కుకుండదు, కనుక ఒక్కో బద్దనూ కొసకొచ్చేసరికి సన్నగా చెక్కాలి. ఓపిక లేక బలవంతంగా అతికిస్తే బద్దలు ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చుంటాయి. ఆపైన లప్పం ఎంత పూసినా ఆ వంకర దాగదు. విక్టరీది మరీ మొద్దు ముక్కాయె! ముందు ఒకే తెరచాప కొయ్య ఉన్న చిన్న పడవ కొనండి. ఖర్చూ తక్కువ, చెడినా బెంగ ఉండదు.