దండలు సరే, పేజీలు ఎక్కడ?

మహాశ్వేతాదేవి పేరెత్తితే చాలు, మన సభల్లో 'ఆదివాసుల తల్లి' అంటారు. ఫొటోకు దండ వేస్తారు. 1997లో మెగసెసే అవార్డు వచ్చిందంటారు, బిర్సా ముండా మీద 'ఎవరిదీ అడవి?' రాసిందంటారు. ఆ నవల పేరు చెప్పేవాళ్లు ఎక్కువ, చదివినవాళ్లు తక్కువ. మాకు ఆ 'తల్లి' అన్న మాటతోనే పేచీ. ఒకరిని తల్లిని చేసి కూర్చోబెడితే మనం ఎప్పటికీ పిల్లలమే. ఆమె మనల్ని అలా చూడలేదు.

ఆమె 1964 నుంచి కలకత్తాలో ఒక కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పింది. తండ్రి మనీష్ ఘటక్ నడిపిన 'బర్తికా' అనే చిన్న పత్రిక ఆయన పోయాక ఆమె చేతికొచ్చింది. నగర కవుల పద్యాలు వేసుకుంటూ పోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆమె ఆ పేజీలను కూలీలకు, చిన్న రైతులకు, ఆదివాసులకు ఇచ్చింది. వాళ్ల బతుకు వాళ్లచేతే రాయించింది. ఒకరోజు ఆమె ఎక్కిన రిక్షా తొక్కే మనిషి 'జిజీవిష' అంటే ఏమిటని అడిగాడు. బతకాలన్న కోరిక అని చెప్పి, నీ కథ నువ్వే రాయి, వేస్తానంది. ఆయనే మనోరంజన్ బ్యాపారి. ఆదివాసి కాదు, దళితుడు. ఇవాళ బెంగాలీలో పేరున్న రచయిత.

టీచర్లు తప్పక తెలుసుకోవాల్సిన పేరు ఇంకొకటుంది, చుని కొటాల్. మేదినీపూర్ ప్రాంతపు లోధా శబర బిడ్డ. తెల్లవాడు 'నేరస్థ జాతి' అని ముద్ర వేసిన తెగ వాళ్లది. మన ఎరుకలవాళ్లకూ ఆ ముద్ర సంగతి తెలుసు. చట్టం 1952లో పోయింది, మాట మాత్రం పోలేదు. చుని తమ తెగ ఆడవాళ్లలో మొదటి పట్టభద్రురాలు. హాస్టల్లో ఉద్యోగం చేస్తూనే ఆంత్రోపాలజీ ఎమ్మెస్సీలో చేరింది. మనుషుల గురించి చెప్పే శాస్త్రం! అక్కడే ఆమె పుట్టుకనెత్తి అవమానించారు. ఫిర్యాదు చేసినా బాధ తీరలేదు. 1992 ఆగస్టు 16న ప్రాణం తీసుకుంది. మహాశ్వేత ఊరుకోలేదు, పత్రికల్లో నిలదీసి రాసింది. చునిని చంపింది ఆకలి కాదు, తరగతి గది.

అందుకే తరగతి గదిలో ఎవరు నిలబడతారన్నది మాకు ఉద్యోగాల లెక్క ఒక్కటే కాదు. 2000లో వచ్చిన జీవో నెం.3 ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నూటికి నూరు ఇస్తే మిగతావాళ్లకు అన్యాయమట. కోయ మాట ఒక్కటీ రాని పంతులు ముందు బిక్కచచ్చి కూర్చునే కోయ పిల్లకు జరిగేదాన్ని ఏమనాలో మాత్రం ఎవరూ చెప్పరు.

పోస్టుల్లో ఉన్న మనవాళ్లనూ ఒక మాట అడగాలి. బోర్డు మీద కోయ, కువి, సవర మాట ఎన్నిసార్లు రాశారు? పోడు గురించి, సంత గురించి, ఇంట్లో ముసలవ్వ చెప్పే కథ గురించి పిల్లలచేత రాయించి గోడకు అంటించడానికి ఏ జీవో కావాలి? నాలుగు కాగితాలు, కాస్త జిగురు చాలు.

ఆగస్టు 9న డోలు, కొమ్ములు, ఫొటోలు ఎలాగూ ఉంటాయి. ఉండనివ్వండి. వారం తిరిగేసరికి ఆగస్టు 16 వస్తుంది. ఆ రోజు ప్రతి ఆశ్రమ పాఠశాల ప్రార్థనలో చుని కొటాల్ ఎవరో చెప్పమని, ఆ సాయంత్రమే పిల్లల రాతలతో మొదటి గోడపత్రిక పెట్టమని అడుగుతున్నాం.