మత్రాలో ఫోటోవాక్

ఖురం నుంచి మత్రా కారులో ఎంతో దూరం లేదు. మొన్న శుక్రవారం పొద్దున్నే అక్కడ పోర్ట్రెయిట్ ఫోటోవాక్‌కి వెళ్ళాను. ఎదురుగా సముద్రం, వెనక బోడికొండలు, గుట్టమీద పోర్చుగీసువాళ్ళు 1580ల్లో కట్టిన కోట. 2014లో సరుకు ఓడలు సొహార్ రేవుకి తరలిపోయాక ఇక్కడ దిగేది ఎక్కువగా టూరిస్టులే. ఇంక కెమెరాలకేం కరువు!

మా గైడ్ ఒమానీ. కెమెరా మెడలోనే ఉంచి ముందు సలాం చెప్పమన్నాడు. అడక్కుండా ఎవరినీ తీయొద్దు, ఆడవాళ్ళవైపు అసలు గురిపెట్టొద్దు. ఇంకోమాట, మనిషితో పాటు అతని పని కూడా ఫ్రేములో కనపడాలట.

సూక్ మొదట్లో కుమ్మా టోపీ పెద్దాయన అడగ్గానే గడ్డం సవరించుకుని కూర్చున్నాడు. సామాన్లు మోసే తోపుడుబండి కుర్రాడు మాత్రం, నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని తనే పలకరించాడు. జగిత్యాల వైపు వాళ్ళట.

"తియ్యన్నా గని, బండి రావద్దు. ఇంటికాడ దుకాణంల పనిజేస్తున్ననని చెప్పిన."

గైడ్ పాఠం పక్కన పెట్టేశాను. రోడ్డు దాటి, సముద్రం వెనక వచ్చేలా మూడు తీశాను. (ఎక్కడా పెట్టను, అడక్కండి.) వాట్సాప్‌లో పంపగానే అక్కడే తెరిచాడు. మొహం చూసుకోలేదు. జూమ్ చేసి ముందు అంచులన్నీ వెతికాడు, చక్రమేమైనా పడిందేమోనని.